"సర్వర్ వస్తలేదు" అంటే ఏది వస్తలేదు? నెట్‌వర్క్ ప్రోటోకాల్స్ పాఠం

"సర్వర్ వస్తలేదమ్మా, రేపు పొద్దుగాల రాండ్రి."

రేషన్ షాపు దగ్గర ఈ మాట వినని ఇల్లు మేడ్చల్, శామీర్‌పేట మండలాల్లో దాదాపు ఉండదు. 2025 జూన్‌లో మూడు నెలల బియ్యం ఒకేసారి ఇచ్చినప్పుడు వేలిముద్ర కోసం లైన్లో నిలబడ్డవాళ్లు ఇది చదువుతున్నవారిలోనూ ఉంటారు. పని మానుకొని వచ్చిన మనిషికి ఆ ఒక్క మాటతో ఆ పూట కూలి పోయినట్టే.

మన రాష్ట్రంలో రేషన్ కార్డు ఉన్నవాళ్లు తమ షాపులోనే కాకుండా వేరే షాపులోనూ బియ్యం తీసుకోవచ్చు. దీన్ని పోర్టబిలిటీ అంటారు. కాబట్టి అక్కడ తెలుసుకోవాల్సింది ఏంటంటే, ఆగిపోయింది ఈ షాపులోని మిషనా? ఈ వాడలో సిగ్నలా? లేక రాష్ట్రమంతటికీ ఉన్న సర్వరా? మిషన్ అయితే పక్క షాపుకు పోతే పని అయిపోతుంది. సిగ్నల్ అయితే వేరే కంపెనీ సిమ్ పెట్టి చూడొచ్చు. సర్వరే ఆగితే ఎక్కడికి పోయినా ఆటో కిరాయి దండగ. మూడింటికీ బయటికి వినిపించే మాట మాత్రం ఒక్కటే: "సర్వర్ డౌన్".

ఈ మూడింటికీ తేడా చెప్పగలిగే మనిషిని నెట్‌వర్క్ అడ్మినిస్ట్రేటర్ అంటారు. ఆ పని నేర్చుకోవాలనుకునే మన ఇళ్లలోని పిల్లల కోసం ఈ పాఠం.

శిక్షణ ఏ పథకం కింద?

గ్రామీణ పేద యువతకు ఉచిత శిక్షణ ఇచ్చే పథకం దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన. 2014 సెప్టెంబర్ 25న మొదలైంది. మన రాష్ట్రంలో దీన్ని ఈజీఎంఎం, అంటే ఉపాధి కల్పన, మార్కెటింగ్ మిషన్ అమలు చేస్తుంది. వయసు 15 నుంచి 35 ఏళ్లు. మహిళలకు, దివ్యాంగులకు 45 దాకా వీలుంది. అభ్యర్థి ఫీజు కట్టే పని లేదు. ఎవరైనా "సీటు ఇప్పిస్తా, పైసలు కట్టు" అంటే అతను పథకం మనిషి కాదని అర్థం.

మన జిల్లా వాళ్లకు ఒక చిక్కుంది. ఓఆర్ఆర్ చుట్టుపక్కల చాలా పంచాయతీలు మున్సిపాలిటీల్లో కలిసిపోయాయి. ఇది గ్రామీణ పథకం. మీ ఊరు ఇప్పుడు ఏ లెక్కలో ఉందో, ప్రస్తుతం నెట్‌వర్కింగ్ కోర్సు బ్యాచ్ నడుస్తుందో లేదో అడిగి తెలుసుకున్న తర్వాతే సర్టిఫికెట్లు జిరాక్స్ తీయించండి. అడగకుండా మూడుసార్లు తిరిగినవాళ్లను చూశాను.

ఇక పాఠంలోకి వెళ్దాం.

ప్రోటోకాల్ అంటే ముందే ఒప్పుకున్న తీరు

కల్లంలో వడ్లు కొలిచేటప్పుడు పెద్దవాళ్లు ఎలా లెక్కపెట్టేవారో గుర్తుందా? మొదటి కొలతకు "ఒకటి" అనరు, "లాభం" అంటారు. తర్వాత "రెండు, మూడు" అంటూ పోతారు. కొలిచేవాడు పైకి చెబుతాడు, అవతల రాసుకునేవాడు వింటాడు. కొత్తగా వచ్చినవాడికి "లాభం" అంటే ఒకటి అని తెలియకపోతే లెక్క ఒకటి తప్పుతుంది. వడ్లు సరిగానే ఉన్నాయి, కొలిచే డబ్బా సరిగానే ఉంది, తప్పింది ఇద్దరి మధ్య ఒప్పందం. ప్రోటోకాల్ అంటే ఇదే. రెండు మిషన్లు ఏ మాట ముందు అనాలి, జవాబు ఎలా ఉండాలి, జవాబు రాకపోతే ఎంతసేపు ఆగాలి అని ముందే రాసిపెట్టుకున్న తీరు.

ఇంటర్నెట్‌ను నడిపించే ముఖ్యమైన ఒప్పందం పేరు టీసీపీ/ఐపీ. దీనికి మూలమైన వ్యాసాన్ని వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ 1974లో అచ్చువేశారు. 1983 జనవరి 1న అమెరికాలోని ఆర్పానెట్ మొత్తం ఈ పద్ధతికి మారింది. శామీర్‌పేట రేషన్ షాపులోని మిషన్ ఈ రోజు మాట్లాడేది కూడా ఆ భాషే.

ఇందులో రెండు పేర్లకు రెండు పనులు. ఐపీ చిరునామా చూసి సరుకును దారి పట్టిస్తుంది. సరుకు చేరిందా లేదా అని ఐపీ పట్టించుకోదు. ఆ లెక్క టీసీపీది. సమాచారాన్ని చిన్న చిన్న మూటలుగా, అంటే ప్యాకెట్లుగా కట్టి, ఒక్కోదానికి వరుస లెక్క పెట్టి పంపుతుంది. అవతలివాడు "ఇక్కడి దాకా ముట్టింది" అని జవాబు పంపాలి. జవాబు రాని మూటను టీసీపీ మళ్లీ పంపుతుంది. మూటలు పంపే ముందు కూడా ఒక పలకరింపు ఉంటుంది: "హలో, వినబడుతుందా?" "వినబడుతుంది, నా మాట నీకు వినబడుతుందా?" "ఆ, వినబడుతుంది." ఈ మూడు మాటలు అయ్యాకే అసలు ముచ్చట. సిగ్నల్ ఒక గీతే ఉన్నచోట వేలిముద్ర పెట్టాక చక్రం తిరుగుతూనే ఉండడానికి ఒక కారణం ఇదే. మూటలు దారిలో పోతున్నాయి, టీసీపీ మళ్లీ మళ్లీ పంపుతోంది. అప్పుడు మనం బటన్ నొక్కుతూ పోతే పని ఇంకా ఆలస్యం అవుతుంది.

యూడీపీ అని ఇంకొకటి ఉంది. అది ఊళ్లో డప్పు కొట్టి చాటింపు వేసినట్టు. చెప్పి వెళ్లిపోతుంది, ఎవరు విన్నారో ఆగి చూడదు. వీడియో కాల్‌లో ఒక మాట తెగినా ఫర్వాలేదు గానీ ఆలస్యం కాకూడదు కదా, అలాంటి చోట యూడీపీ వాడతారు.

ఐపీ చిరునామా: ఎక్కువ తగాదాలు ఇక్కడే

ఐపీ నాలుగో వెర్షన్‌లో చిరునామా 32 బిట్లు. లెక్కవేస్తే సుమారు 429 కోట్ల చిరునామాలు వస్తాయి. 1980ల్లో అది చాలా పెద్ద సంఖ్య. ఇప్పుడు ఇంటికి నాలుగు ఫోన్లు, ఒక టీవీ, రెండు కెమెరాలు. సరిపోవు. అందుకే 128 బిట్ల ఐపీ ఆరో వెర్షన్ వచ్చింది. పాతదాంతో నెట్టుకురావడానికి ఇంకో ఉపాయం కూడా ఉంది. ఆఫీసు లోపల వాడుకోవడానికి కొన్ని చిరునామాలను విడిగా పెట్టారు: 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా, 192.168తో మొదలయ్యేవి. మీ ఇంటి వైఫైలో 192.168.1.5 ఉంటే పక్కింట్లోనూ అదే ఉండొచ్చు, తగాదా లేదు. బయటికి వెళ్లేటప్పుడు రౌటర్ తన చిరునామా తగిలించి పంపుతుంది. హాస్టల్‌కు వచ్చే ఉత్తరాలన్నీ ఒకే అడ్రస్‌కు వచ్చి, లోపల వార్డెన్ గది గదికి పంచినట్టు. దీన్ని నాట్ అంటారు.

ఈ చిరునామాను మిషన్‌కు ఎవరు ఇస్తారు? డీహెచ్‌సీపీ అనే ప్రోటోకాల్. కొత్తగా తగిలించిన కంప్యూటర్ ముందు అందరికీ వినబడేలా అడుగుతుంది: "ఇక్కడ చిరునామాలు ఇచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" రౌటర్ "ఇదిగో, ఇది తీసుకో" అంటుంది. కంప్యూటర్ "సరే, అదే నాకు రాసిపెట్టు" అంటుంది. రౌటర్ "రాశాను, ఇంతసేపు నీదే" అంటుంది. నాలుగు మాటలు, అంతే. ఇంటర్వ్యూలో డీహెచ్‌సీపీ గురించి అడిగితే ఈ నాలుగు మాటలు వరుసగా చెప్పండి: డిస్కవర్, ఆఫర్, రిక్వెస్ట్, అక్నాలెడ్జ్. జీనోమ్ వ్యాలీ వైపు కంపెనీల్లో సిస్టమ్స్ విభాగానికి వెళ్లిన పిల్లలకు ఎదురయ్యే మొదటి ప్రశ్నల్లో ఇదొకటి.

కంప్యూటర్‌లో చిరునామా 169.254తో మొదలైతే? అది అడిగింది, ఎవరూ జవాబివ్వలేదు, చివరికి తనకు తానే ఒకటి పెట్టుకుంది. ఆ నంబర్ కనబడగానే సర్వర్‌ను తిట్టకండి. సాధారణంగా లోపం ఆ గదిలోనే, కేబుల్‌లోనో స్విచ్‌లోనో రౌటర్‌లోనో ఉంటుంది.

నేను పనిచేసిన ఒక ఆఫీసు ముచ్చట చెబుతాను. అక్కడ హాజరు వేసే బయోమెట్రిక్ మిషన్ పొద్దున బాగానే పనిచేసేది, మధ్యాహ్నం అయ్యేసరికి ఆగిపోయేది. సాయంత్రం మళ్లీ బాగయ్యేది. వారం రోజులు "సర్వర్ ప్రాబ్లం" అనే రాశాం. రిజిస్టర్‌లో నా చేత్తో నేనే రాశాను, అందుకే ఇప్పటికీ గుర్తుంది. పై ఆఫీసువాళ్లు మా సర్వర్ బాగానే ఉందన్నారు. చివరికి తేలింది ఏంటంటే, మధ్యాహ్నం ఆన్ చేసే ఒక ప్రింటర్‌కూ బయోమెట్రిక్ మిషన్‌కూ ఒకటే చిరునామా. ఎవరో ప్రింటర్‌కు చేత్తో నంబర్ పెట్టారు, రాసిపెట్టలేదు. స్విచ్ దగ్గర "ఈ నంబర్ ఎవరిది?" అని అడిగే ప్రోటోకాల్ ఒకటుంది, పేరు ఏఆర్‌పీ. ప్రజావాణిలో టోకెన్ నంబర్ పిలిస్తే ఇద్దరు లేచి నిలబడ్డట్టు అయింది. ఆ వారంలో కొందరికి గైర్హాజరు పడింది. కాంట్రాక్టు మీద పనిచేసే వాళ్లకు గైర్హాజరు అంటే జీతంలో కోత. దాన్ని సరిచేయించడానికి ప్రింటర్ వెతకడం కంటే ఎక్కువ రోజులు పట్టింది.

అప్పటి నుంచి ఎక్కడికి వెళ్లినా మొదటి రోజు చేసే పని ఒక్కటే: ఏ మిషన్‌కు ఏ నంబర్ ఉందో ఒక నోట్‌బుక్‌లో రాసి, డీహెచ్‌సీపీ ఇచ్చే వరుసకూ చేత్తో పెట్టే నంబర్లకూ మధ్య గీత గీయడం. ఉదాహరణకు 192.168.1.2 నుంచి 50 దాకా చేత్తో, 51 నుంచి 200 దాకా డీహెచ్‌సీపీకి. మీరూ ఇలాగే చేయండి.

పేరు, తాళం, టైమ్

మనం టైప్ చేసేది పేరు, మిషన్‌కు కావాల్సింది నంబర్. పేరును నంబర్‌గా మార్చేది డీఎన్ఎస్. పాల్ మొకపెట్రిస్ 1983లో దీని రూపం రాశారు. డీఎన్ఎస్ ఆగితే నెట్ ఉన్నా ఏ వెబ్‌సైటూ తెరుచుకోదు. ఊరికి పోయే బస్సు ఉంది, దిగాక ఇల్లు చూపించేవాడు లేడు, అలాగన్నమాట.

వెబ్‌సైట్ తెరుచుకునేటప్పుడు తాళం బొమ్మ ఉండేది హెచ్‌టీటీపీఎస్‌లో. అది 443వ నంబర్ తలుపు గుండా వెళ్తుంది, తలుపును ఇక్కడ పోర్ట్ అంటారు. తాళం లేని మామూలు హెచ్‌టీటీపీ 80వ తలుపు. ఆధార్ నంబర్, బ్యాంకు వివరాలు అడిగే పేజీకి తాళం లేకపోతే అక్కడ ఏదీ నింపకండి. తాళం ఉన్నంత మాత్రాన సైట్ నిజమైనదేనని కూడా కాదు. దొంగ సైట్లకూ తాళం దొరుకుతుంది. తాళం చెప్పేది దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే. అవతల ఉన్నది ఎవరో తెలియాలంటే చిరునామాను అక్షరం అక్షరం చదవాలి. పైసలు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

పాత కంప్యూటర్లలో వచ్చే ఒక వింత చెప్పాలి. నెట్ బాగుంది, కొన్ని సైట్లు మాత్రం "మీ కనెక్షన్ సురక్షితం కాదు" అంటాయి. కుడివైపు కింద తేదీ చూడండి. ఎన్నో ఏళ్ల వెనక్కి పోయి ఉంటుంది. మదర్‌బోర్డు మీద ఉండే గుండ్రటి చిన్న బ్యాటరీ అయిపోయింది. సైట్ సర్టిఫికెట్‌కు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని గడువు ఉంటుంది. మన మిషన్ తేదీ ఆ గడువు బయట ఉంటే నమ్మదు. బ్యాటరీ మార్చి తేదీ సరిచేస్తే చాలు. టైమ్‌ను దానంతట అదే సరిచేసుకునే ప్రోటోకాల్ ఎన్‌టీపీ. ఇది చట్టం దాకా వెళ్లిన విషయం. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్‌ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సర్వీస్ ప్రొవైడర్లు, కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు తమ గడియారాలను ఎన్ఐసీ లేదా నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ టైమ్‌కు కలపాలి, లాగ్‌లను 180 రోజులు దాచాలి, సైబర్ దాడి లాంటి ఘటన తెలిసిన 6 గంటల్లో సమాచారం ఇవ్వాలి. ఉద్యోగంలో చేరాక ఈ మూడు మీ నెత్తి మీద ఉంటాయి.

లోపం ఎక్కడో పట్టుకోవడం: కింది నుంచి పైకి

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఆఫీసులో గానీ సేవా కేంద్రంలో గానీ "నెట్ వస్తలేదు" అన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

దీపాల దగ్గర. ఫైబర్ కనెక్షన్ అయితే గోడకు ఉన్న చిన్న డబ్బాలో ఎల్ఓఎస్ అనే దీపం ఎర్రగా వెలిగితే వెలుతురు అక్కడి దాకా రావడం లేదు. వైర్ మడతపడిందా, ఎలుక కొరికిందా, బయట తెగిందా చూడాలి. మన రాష్ట్రంలో టీఫైబర్ కేబుల్‌ను మిషన్ భగీరథ పైపుల కోసం తవ్విన కాలువల వెంట వేశారు. రోడ్డు పని, పైపు పని జరిగేచోట జేసీబీకి ఫైబర్ దొరకడం కొత్త కాదు. అలాంటప్పుడు రౌటర్‌ను పదిసార్లు ఆఫ్ చేసి ఆన్ చేసినా లాభం లేదు. కనెక్షన్ ఇచ్చినవాళ్లకు "ఎల్ఓఎస్ ఎర్రగా ఉంది" అని చెప్పండి. ఆ ఒక్క మాటతో వాళ్లు లైన్‌మన్‌ను పంపాలని తెలుసుకుంటారు, ఫోన్‌లో సగం ప్రశ్నలు తగ్గుతాయి.

దీపాలు బాగుంటే చిరునామా చూడండి. విండోస్‌లో నల్ల తెర తెరిచి ఐపీ కాన్ఫిగ్ అని కొట్టాలి. 169.254 కనబడితే ఏంటో పైన చదివారు. మంచి చిరునామా ఉంటే అక్కడే గేట్‌వే అని ఇంకో నంబర్ ఉంటుంది, అది మీ రౌటర్. దానికి పింగ్ కొట్టండి. 1983లో మైక్ మూస్ రాసిన చిన్న ప్రోగ్రామ్ ఇది, "ఉన్నావా?" అని అడుగుతుంది, "ఉన్నా" అని జవాబు తెస్తుంది. రౌటర్ పలికితే గది లోపల బాగున్నట్టే. తర్వాత బయటి నంబర్‌కు, ఉదాహరణకు 8.8.8.8కు పింగ్ కొట్టండి. పలకకపోతే లోపం రౌటర్‌కు అవతల, కంపెనీ లైన్‌లో ఉన్నట్టు అనుమానించాలి. నంబర్ పలికి, ఏ పేరూ తెరుచుకోకపోతే డీఎన్ఎస్. వేరే సైట్లన్నీ వస్తూ ఒక్క సైటే రాకపోతే, ఇంకో కంపెనీ నెట్‌తో అదే సైట్ చూడండి. అక్కడా రాకపోతేనే "సర్వర్ డౌన్" అనే మాటకు కొంత హక్కు వస్తుంది.

కొంత అని ఎందుకన్నానంటే, చాలా ప్రభుత్వ సర్వర్లు పింగ్‌కు కావాలనే జవాబివ్వవు. భద్రత కోసం ఆపేస్తారు. పింగ్ రాలేదని సర్వర్ చచ్చిపోయిందని రాయకండి, పేజీ తెరిచి చూడండి.

స్విచ్ దీపాలన్నీ ఒకేసారి పిచ్చిగా మెరుస్తూ ఆఫీసు మొత్తం ఆగిపోతే, ఎవరో ఒకే కేబుల్ రెండు కొసలనూ స్విచ్‌కే గుచ్చి ఉంటారు. ఊడ్చేటప్పుడు నేల మీద పడిన కేబుల్ చూసి పాపం సాయం చేద్దామని పెడతారు. మూటలు చుట్టూ తిరుగుతూనే ఉంటాయి. దీన్ని ఆపడానికి ఎస్‌టీపీ అనే ప్రోటోకాల్ ఉంది, దాన్ని రూపొందించింది రేడియా పెర్ల్‌మన్ అనే మహిళ. తక్కువ ధర స్విచ్‌లలో చాలావాటికి అది ఉండదు. కేబుళ్లు ఒక్కొక్కటే పీకి చూడటమే దారి.

రేషన్ షాపు మిషన్‌కు ఇదే పద్ధతి

అక్కడ ఫైబర్ బదులు సిమ్ ఉంటుంది, అంతే తేడా. వేలిముద్రను మిషన్‌లోనే తాళం వేసి పంపుతారు. పౌరసరఫరాల సర్వర్, అక్కడి నుంచి ఆధార్ సర్వర్, అక్కడి నుంచి అవును లేదా కాదు అనే జవాబు వెనక్కి వస్తుంది. ఇందులో ఏ ఒక్క మెట్టు తెగినా తెర మీద ఏదో ఒక సందేశం వస్తుంది. షాపులో నిలబడ్డ మీరు మూడు చూడొచ్చు. మొదటిది, మిషన్ మీద సిగ్నల్ గీతలు ఉన్నాయా? లేకపోతే ఇక్కడి సమస్య. రెండోది, మీ ముందున్న మనిషికి పని అయిందా? అయి మీకే కాకపోతే నెట్‌వర్క్‌ను అనుమానించే ముందు వేలిముద్ర సంగతి చూడాలి. చెయ్యి కడుక్కొని తుడుచుకొని వేరే వేలు పెట్టండి. సిమెంటు పని, బట్టలుతికే పని చేసే వాళ్లకు గీతలు అరిగిపోతాయి. ఆధార్ కేంద్రంలో బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించుకోవాల్సి రావచ్చు. మూడోది, పక్క ఊరి షాపులో ఎవరికైనా ఫోన్ చేసి అక్కడ నడుస్తుందా అని అడగండి. నడుస్తుంటే అక్కడికి వెళ్లండి. నడవకపోతే ఇంటికో పనికో వెళ్లి, మధ్యాహ్నం మళ్లీ ఫోన్ చేసి కనుక్కున్న తర్వాతే బయల్దేరండి.

ఫిర్యాదు చేయాల్సి వస్తే "సర్వర్ రాలేదు" అని రాయకండి. ఇలా రాయండి: ఫలానా తేదీ, పొద్దున 10:20 నుంచి 11:15 దాకా, ఫలానా నంబర్ షాపు, సిగ్నల్ గీతలు ఉన్నాయి, నా ముందు నలుగురికీ పని కాలేదు, తెర మీద వచ్చిన సందేశం ఇది, అదే టైమ్‌కు పక్క షాపులో నడిచింది. టైమ్ తప్పకుండా రాయండి. అవతల లాగ్ వెతికేవాడికి ముందుగా కావాల్సింది అదే. తెరను ఫోన్‌లో ఫోటో తీసి జతచేయండి, ఫోటోలో ఎవరి ఆధార్ నంబరూ పడకుండా చూసుకోండి.